జానకు ఆరంగుళాలు

మాది పరదాలు కుట్టే దుకాణం. ఆదివారం మా అమ్మాయికీ నాకూ ఒకటే ఆట. అది ఏ వస్తువునైనా జానలతో కొలిచి ఎన్ని అంగుళాలో చెప్పాలి, నేను టేపుతో సరిచూడాలి.

"బల్ల ఐదు జానలు. నా జాన ఆరంగుళాలు. మొత్తం ముప్పై!" అంది.

"ఇరవై తొమ్మిదిన్నర. ఓడిపోయావ్."

"నేను కాదు, నీ టేపే తప్పు."

"ఇరవై ఏళ్లుగా కుడుతున్నా, నాకే పాఠాలా?" అని కసిరాను.

అది బడి సంచిలోంచి స్టీలు స్కేలు తెచ్చి టేపు పక్కన పెట్టింది. నా పాత టేపు నిజంగానే సాగిపోయింది.

పరదా పొడుగైందని నిన్న వచ్చినావిడకు, దీని ఎదుటే, "ముందు కిటికీ కొలవడం నేర్చుకోండి" అని క్లాసు పీకాను.

"అమ్మా, ఆవిడకు ఫోన్ నువ్వు చేస్తావా, నన్ను చేయమంటావా?"