పరీక్ష నంబరు

అతను మొబైల్ కంపెనీలో ఇంజనీరు. టవర్ల మీద రద్దీ పెరిగినప్పుడు ఏ యాప్ డేటాను ముందు పంపాలో, దేన్ని ఆపాలో అతను పనిచేసే గదిలో నిర్ణయిస్తారు. ఇళ్లకు వైరుతో ఇచ్చే ఇంటర్నెట్‌లో అలా ముందూ వెనకా చేయకూడదని నిబంధన ఉంది. మొబైల్‌కు ఆ నిబంధన లేదు. టవర్లలో చోటు తక్కువని కంపెనీలు చెప్పుకుంటే ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది.

ఆ ఏడాది కంపెనీ మ్యాచ్‌లు చూపించే యాప్‌తో ఒప్పందం చేసుకుంది. మ్యాచ్ ఉన్న సాయంత్రం దానిది మొదటి వరస. ఏ ఒప్పందమూ లేనివాటిది మూడో వరస. ఆ పట్టిక టైపు చేసింది అతనే.

అతని అక్క ఆస్పత్రిలో నర్సు. బావ ఇరవై రెండేళ్లు రాళ్లు పిండి చేసే మిల్లులో పనిచేశాడు. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం, వేలికి క్లిప్పు. క్లిప్పు చూపే ఆక్సిజన్ అంకె బావ ఫోనులోని యాప్ నుంచి అక్క ఫోనుకు వెళ్తుంది. ఎనభై ఎనిమిది కంటే తగ్గితే అక్క ఫోను మోగుతుంది. ఆమె పక్కింటావిడకు చెబుతుంది, ఆవిడ వెళ్లి, యంత్రానికి బదులుగా ఉంచిన ఆక్సిజన్ సిలిండరు తగిలిస్తుంది. ఆ యాప్ ఒక చిన్న సంస్థది. దానికి ఎవరితోనూ ఒప్పందం లేదు.

సాయంత్రాలు అంకె ఆలస్యంగా వస్తోందని అక్క చెప్పింది. మ్యాచ్ ఉన్న ఒక సాయంత్రం చూసి అతను వాళ్లింటికి వెళ్లాడు.

"ఏం బామ్మర్దీ, మీ కంపెనీ గాల్లోంచి బొమ్మలు పంపిస్తుందట కదా. ఆ గాలేదో కాస్త నాకూ పంపరాదూ?" అన్నాడు బావ, మాటమాటకూ ఆగుతూ.

అతను క్లిప్పు తన వేలికి పెట్టుకుని, యాప్ తన ఫోనులో వేసి చూశాడు. అంకె వెంటనే ఆస్పత్రిలో ఉన్న అక్కకు చేరింది. మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ చేరింది. లోపం బావ ఫోనుదని తేల్చి, బావ సిమ్ తీసి తన పాత ఫోనులో వేసి ఇచ్చాడు. వారం తర్వాత అక్క మళ్లీ చెప్పింది. తాను చూశానని, నెట్‌వర్క్‌లో ఏమీ లేదని అన్నాడు.

ఫైనల్ రోజు సాయంత్రం యంత్రం ఆగిపోయింది. బావ అంకె ఆరూ ఇరవైకి ఎనభై ఆరుకు పడింది. అక్క ఫోను మోగింది ఆరూ ముప్పై తొమ్మిదికి. పక్కింటావిడ సిలిండరు తగిలించేసరికి బావ లేడు.

పది రోజులకు మేనేజరు పిలిచాడు. మొబైల్‌కు కూడా ఆ నిబంధన పెట్టాలా వద్దా అని ప్రభుత్వ కమిషన్ విచారిస్తోంది. ఆరోగ్య యాప్‌లకు ఆలస్యం జరగలేదని పరీక్ష నివేదిక కావాలన్నాడు. బావ ఇంట్లో చేశానని అతను అప్పట్లో చెప్పిన పరీక్షే పెట్టొచ్చని సలహా కూడా ఇచ్చాడు.

నివేదిక ఫారంలో అతను పరీక్షకు వాడిన తన నంబరు కొట్టాడు. పక్కన ఒక లైను వచ్చింది: పరీక్ష నంబరు, వరసలు వర్తించవు.

ఆ గదిలో ఒక అలవాటుంది. కొత్తగా చేరినవాళ్ల నంబరు మొదటి రోజే పరీక్ష నంబర్ల జాబితాలో ఎక్కిస్తారు. పట్టికలో తప్పు దొర్లినా తమ ఫోన్లు ఆగకూడదని. అతను చేరి ఆరేళ్లయింది. గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. మూడో వరస ఎలా ఉంటుందో తమ ఫోనులో చూసినవాడు ఒక్కడూ లేడు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆమె ఆస్పత్రి చీర మడత పెడుతోంది.

"ఆ రోజు మీ బావ ఫోను నీ పక్కనే ఉంది కదరా. అందులో ఎందుకు చూడలేదు?"

"నా దాంట్లో వచ్చింది కదా అని."

ఆమె మడత పూర్తి చేసింది.

"అదే రాయి. నాకు చెప్పినట్టే రాయి."

రాశాడు. మేనేజరుకు ఇవ్వకుండా నేరుగా కమిషన్‌కు పంపాడు. రెండో రోజు మధ్యాహ్నం అతని కార్డుకు గది తలుపు తెరుచుకోలేదు. గుమాస్తా వచ్చి కార్డు, లాప్‌టాప్ తీసుకున్నాడు. అతని నంబరు కూడా జాబితాలోంచి తీసేశారని చెప్పాడు.

సాయంత్రం బస్సులో ఇంటికి వస్తుంటే ముందు సీట్లో ఎవరో ఆ యాప్‌లో కొత్త సిరీస్ మ్యాచ్ చూస్తున్నారు. ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. అతని ఫోను మోగింది. అక్క మెసేజ్.

"పంపావా?"

ఆమె పంపింది ఆరూ పదికి. అతను టైము చూసుకున్నాడు. ఆరూ ఇరవై నాలుగు.