పన్నెండో బల్ల

ఆ రోజు పొద్దున ఆకాశానికి ఏం చెయ్యాలో తోచలేదు. మబ్బు దిగొచ్చి మేడల నెత్తిన కూర్చుంది. కురవదు, విడవదు. ఇలాంటి పూట జిగురు ఆరదు, వార్నిష్ తెల్లబడుతుంది. వడ్రంగికి ఇంతకంటే చెడ్డ ఆకాశం ఉండదు. మా బావ మాత్రం పైకి చూసి, "చల్లగా ఉంది, జనం విరగబడి వస్తారు" అన్నాడు. ఎండ మండిపోతున్నా ఆయన ఆ మాటే అనేవాడు.

బావ అంటే మా అక్క భర్త. పదింటికి ఆయన నాలుగో హోటల్ తెరుచుకోవాలి. మొదటి మూడూ ఈ నగరంలోనే మూడు వీధుల్లో తెరుచుకుని, అక్కడే మూతబడ్డాయి. మూడోదాన్ని మొన్న సాయంత్రమే మూశాం. తాళంచెవి ఆ గది యజమాని చేతిలో పెట్టి, బల్లలు బండికెత్తి, ఆ బండిని అటు నుంచి అటే ఈ కొత్త గదికి తోలించాడు బావ. మధ్యలో టీ తాగే వ్యవధి కూడా ఇవ్వలేదు.

బల్లలు పన్నెండు. పదకొండు నేను హోటల్ కోసం చేసినవి. పన్నెండోది మా అక్కది. పని నేర్చుకున్నాక నేను సొంతంగా చేసిన మొదటి బల్ల, టేకుది, అక్క కొత్త కాపురంలోకి చేసిచ్చాను. ఆరేళ్ళ కిందట మొదటి హోటల్ తెరిచేటప్పుడు ఒక బల్ల తక్కువైందని బావ దాన్ని పట్టుకుపోయాడు. "రెండ్రోజులే" అన్నాడు. తర్వాత, "ఈ హోటల్ ఎప్పుడైనా మూస్తే ముందు నీ బల్లే ఇంటికొస్తుంది" అన్నాడు. మూయడమైతే మూడుసార్లు మూశాడు. కానీ ఒకటి మూసిన పూటే ఇంకోదానికి సామాను తోలించడంతో బల్లకి ఇంటిదారి దొరకలేదు. అప్పటి నుంచీ అక్క పొయ్యిగట్టు దగ్గర నిలబడి, కంచం ఎడంచేత్తో పట్టుకుని తింటోంది.

పోనీ ఆ బల్ల బల్లలా ఉందా అంటే అదీ లేదు. మొదటి హోటల్లో అన్ని బల్లల్లాగే ముప్పై అంగుళాల ఎత్తు. రెండోదానికి, "జనం సోఫాల్లో ఒదిగి కూర్చుని తినాలి" అన్నాడు బావ. ఎనిమిది అంగుళాలు కోశాను. మూడోదానికి, "నేల మీద పరుపులేసి కూర్చోబెడదాం" అన్నాడు. ఇంకో పది కోశాను. కూర్చున్నవాళ్ళు లేవలేక, లేచినవాళ్ళు మళ్ళీ రాక, ఎనిమిది నెలల్లో దానికీ తాళం పడింది.

"ఈసారి నిలబడి తినే హోటల్ బావమరిదీ! వచ్చారా, తిన్నారా, వెళ్ళారా! బల్లలు నలభై రెండు అంగుళాలుండాలి" అన్నాడు నాలుగోదాని ఆలోచన రాగానే.

"కాళ్ళు పన్నెండు అంగుళాలే మిగిలాయి బావా."

"అదే, పెంచు."

అవేమన్నా గోళ్ళా, జుట్టా, పెరగడానికి? అందామనుకున్నాను. నోట్లో మేకులున్నాయి. పని చేసేటప్పుడు మేకులు పళ్ళ మధ్య పట్టుకోవడం నాకు అలవాటు. "నీ నోటి నిండా ఎప్పుడూ మేకులేరా. అందుకే మీ బావకి ఎదురు చెప్పేవాడు లేకుండా పోయాడు" అని అక్క చాలాసార్లు దెప్పింది.

చివరికి ఇనప గొట్టాలు తెప్పించాను. నిన్నంతా బల్లలు తిరగేసి, పాత కాళ్ళు పీకి, గొట్టాలు బిగిస్తూనే ఉన్నాను. ఒక్కో గొట్టానికి నాలుగు స్క్రూలు. ఈలోపు బావ చేతులు కడుక్కునే తొట్టిని ఎడంవైపు నుంచి కుడివైపుకీ, కుడివైపు నుంచి ఎడంవైపుకీ మార్పించాడు. బోర్డు మూడుసార్లు దింపించి, మూడుసార్లు ఎక్కించాడు. మూడోసారి అది మొదట ఉన్న చోటికే వచ్చింది.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకి పదకొండు బల్లలు నిలబడ్డాయి. వంటాయన లోపలి నుంచి తొంగిచూశాడు. ఆయన మొదటి హోటల్ నుంచీ బావ దగ్గరే ఉన్నాడు. బోర్డులు మారాయి గానీ ఆయన వంట మారలేదు, నోరూ మారలేదు.

"ఈసారి పరుపులూ తీసేశారు. వచ్చే హోటల్లో కంచాలు కూడా తీసేయండి. దోసిట్లో వడ్డిస్తాను" అన్నాడు.

"శుభమా అని తెరుస్తుంటే వచ్చే హోటల్ అంటావేంటయ్యా!" అని బావ మండిపడ్డాడు.

"తెలిసిన సంగతేగా" అని వంటాయన లోపలికి పోయాడు.

నేను పన్నెండో బల్లని రెండు దిమ్మల మీద తిరగేసి, నోట్లో స్క్రూలు పెట్టుకుని, పాత కాలు పీకుదామని కూర్చున్నాను. సుత్తి తీశాను, పెట్టాను. గొట్టం తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను. అప్పుడు వీధిలో సామాన్ల బండి ఆగింది. అందులోంచి అక్క దిగింది.

లోపలికి వచ్చి అటూ ఇటూ చూడలేదు. సరాసరి నా ముందున్న బల్ల దగ్గరికి వచ్చి, వంగి, పైచెక్కని కింద నుంచి చేత్తో తడిమింది. అక్కడ అర్ధచంద్రంలా ఒక మాడు మచ్చ ఉంది. కాపురానికొచ్చిన వారంలో ఆదమరిచి పొయ్యి మీది గిన్నె తెచ్చి పెట్టినప్పటిది. బావ రెండుసార్లు రంగు వేయించినా అది పైకి తేలుతూనే ఉంది.

"ఏవండీ, ఈ బల్ల మూసిన హోటల్‌దా, తెరవబోయే హోటల్‌దా?" అంది.

బావ గడియారం చూసుకున్నాడు. "ఇదేం ప్రశ్నే? పదింటికి తెరుస్తున్నాంగా."

"అంటే ఇంకా తెరవలేదు. పాతది మూసేశారు. కొత్తది తెరవలేదు. ఇంకో గంటసేపు ఇది ఏ హోటల్‌దీ కాదు. నాది. తీసుకెళ్తాను."

"పన్నెండు బల్లలని కరపత్రాల్లో వేయించానే!"

"ఒక కరపత్రం పరిచి దాని మీద వడ్డించండి."

"ఒక్క నెల ఓపిక పట్టవే."

"నెలలో మూసేస్తారా?"

లోపల గరిటె కింద పడ్డ చప్పుడైంది. ఆ వెనకే వంటాయన దగ్గు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

బావ ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "చూస్తావేంటోయ్, బిగించు. పది నిమిషాల పని."

అక్క కూడా నా వైపే చూసింది. ఆ చూపులో ఆశ కూడా లేదు. నేను బిగిస్తాననే అనుకుంది. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే మరి.

నోట్లోంచి స్క్రూలు ఒక్కొక్కటే తీసి అరచేతిలో వేసుకున్నాను. ఏడున్నాయి.

"బిగించను" అన్నాను.

ఆ మాట ఎవరన్నారా అన్నట్టు బావ వెనక్కి చూశాడు. "అదేంటి? ఇంతకుముందు రెండుసార్లు కోశావుగా!"

"కోశాను. అదే తప్పు."

నా పనిముట్ల సంచి బోర్లించాను. అడుగున గోనెగుడ్డ మూట ఉంది. విప్పాను. ఎనిమిది కొయ్యముక్కలు. నాలుగు పది అంగుళాలవి, నాలుగు ఎనిమిది అంగుళాలవి. ఒక్కోదాని మీద ఏ కాలిదో అంకె, ఎటు పైనో బాణం గుర్తు, పెన్సిల్‌తో వేసి ఉన్నాయి. మిగతా పదకొండు బల్లల ముక్కలు ఎటుపోయాయో నాకు తెలియదు. వీటిని మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు.

అక్క ఒక ముక్క తీసి అంకె చూసింది.

"ఇన్నేళ్ళూ ఇవి దగ్గర పెట్టుకుని నాకొక్క మాట చెప్పలేదట్రా?"

"నువ్వు అడగలేదు."

"అడగలేదట!" అక్క గొంతు లేచింది. "మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ విసిగించారో నాకు తెలియడం లేదు. ఆయన మాట్లాడి చంపుతాడు, నువ్వు మాట్లాడక చంపుతావు. లే. ఆ చివర పట్టుకో."

పట్టుకున్నాను. బావ గుమ్మానికి అడ్డంగా ఒక్క క్షణం నిలబడ్డాడు. బయట ఎవరో బోర్డు వంక చూస్తూ ఆగేసరికి, ఇంత నవ్వు తెచ్చుకుని పక్కకి జరిగాడు. మేం బల్లని ఆ మనిషి ముందు నుంచే మోసుకుపోయాం.

అక్క ఇంట్లో పని మొదలుపెట్టాను. ఆ మబ్బులో జిగురు నమ్మలేను. ఒక్కో అతుకుకి అటూ ఇటూ ఇనప పట్టీ వేసి బిగించాను. అంకెల ప్రకారం పెడితే కొయ్య గీతలు ఒకదానికొకటి కలిశాయి. రంపం తిన్నది మాత్రం పొట్టుగా రాలిపోయింది, దాన్ని తేలేను. మధ్యాహ్నానికి బల్ల లేచి నిలబడింది. ఎత్తు పావు అంగుళం తగ్గింది, ఒక కాలు ఇంకాస్త పొట్టి. ఊపితే టక్కుమంది. అక్క బాగుందనలేదు. తడిగుడ్డతో తుడిచి, మూలనున్న రెండు కుర్చీలూ, మేడ మీది స్టూలూ తెచ్చి చుట్టూ వేసింది. అప్పుడే వాన మొదలైంది.

రెండింటికి బావ వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చెప్పులు విడిచి, "వచ్చినవాడల్లా కుర్చీలేవని అడుగుతాడేంటి?" అన్నాడు, మమ్మల్ని కాదు, గోడని. గోడా ఏమీ అనలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి, బల్లని చూసి, అతుకుల్ని చూసి, కుర్చీలో కూర్చున్నాడు.

అక్క మూడు కంచాలు పెట్టి అన్నం వడ్డించింది. కూర తేవడానికి వెళ్ళింది. బావ చెయ్యి బల్ల అంచున పడి ఉంది. చూస్తుండగానే బొటనవేలూ చిటికెనవేలూ విచ్చుకున్నాయి. ఒక జాన. ఇంకో జాన. పెదవులు లెక్కపెడుతూ కదులుతున్నాయి. నేను చూశాను. కూరగిన్నెతో వస్తున్న అక్కా చూసింది. మూడో జాన పడబోయే చోట, పాత మచ్చ పక్కనే, గిన్నెని కింద ఏమీ పెట్టకుండా వేడివేడిగా దించింది. బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బల్ల టక్కుమని ఊగింది. పులుసు కాస్త తొణికింది. చెక్కముక్క కోసం నేను లేవబోయాను. బావ అప్పటికే జేబులోంచి కొత్త హోటల్ కరపత్రం తీశాడు. నాలుగు మడతలు పెట్టి, వంగి, పొట్టి కాలి కింద దూర్చాడు. ఒకసారి ఊపి చూశాడు. ఊగలేదు. లేచి కూర్చున్నాడు.

ముగ్గురం తిన్నాం. అక్క రెండోసారి అన్నం వడ్డించుకుంది, కూర్చునే.