సోలు తిప్పి చూడని మనిషి

దీవుల్లోని రంగత్‌లో దేవప్రసాద్ ఇంటి ముంగిలి ఊడ్చేటప్పుడు సంతోషకుమారి చీపురు వంకర్లు తిరుగుతుంది. మొగుడి అడుగులు చెరిగిపోకూడదు కదా మరి. ఆయన ఆ రోజు నడవబోయే అడుగులు, ఆయనింకా మంచం మీద ఉండగానే మట్టిలో పడి ఉంటాయి. పోయేవీ, తిరిగొచ్చేవీ. బజారు వైపు పడితే పక్కింటి అచ్చమ్మ సంచీ తెచ్చిచ్చేస్తుంది, "చేపలు తెమ్మను దీదీ" అని.

దేవప్రసాద్ పని టూరిస్టుల్ని కొండెక్కించడం. ఆవేళ అడుగులు గేటు దాటి కొండ వైపు పోయాయి. తిరిగొచ్చినవి లేవు.

ముంగిలంతా రెండుసార్లు వెతికింది. చీపురు పడేసి అడుగుల వెంటే పోయింది. వానకి బాటంతా జిడ్డు. అడుగుల ముందు భాగంలో బూటు సోలు పళ్ళు బాగానే దిగాయి. కుడి మడమ దగ్గర మాత్రం నున్నటి గుంట, గుండైపోయిన టైరులాగ. నాలా పక్క బండ మీద నాచు చీరుకుపోయి బారెడు గీత. అది లోయ అంచు దాకా పోయింది, అక్కణ్ణుంచి అడుగుల్లేవు. కిందకి చూడలేక "యేసయ్యా" అని చెట్టు పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. ఆదివారం చర్చికని ప్రతి శనివారం పాలిష్ పెడతాడేమో, తళతళలాడుతున్నాయి.

"ఇప్పియ్యి ఆ బూట్లు."

"ఏటయిందే పొద్దున్నే?"

"నీ అడుగులు తిరిగి రాలేదయ్యా."

లేసు మీద చేతులు ఆగిపోయాయి. "వాన కొట్టేసుంటాది," అన్నాడు.

"పోయినవి ఉంచి, వచ్చినవే కొట్టేసిందా వాన? మానెయ్యి ఇవాళ."

"మానితే మానేవా అవి? పోయినేడు జ్వరంలో కూడా కాళ్ళే లాక్కుపోయాయి కదే నన్ను."

"అయితే ఆ బూట్లతో పోకు."

"బూట్లకేం? పెళ్ళికొడుకుల్లాగున్నాయి."

"పైకి పెళ్ళికొడుకే. కింద ఎప్పుడైనా తిప్పి చూశావా?"

చూడలేదు. ఆవిడే బూట్లు లాక్కుని బజారుకి పరిగెత్తింది.

చెప్పులు కుట్టే జితేంద్ర ఒక బూటు తిప్పి, వేలితో నొక్కాడు. "భాభీ, యే తో గయా, సోలు పోయింది. మడమ దగ్గర పళ్ళు అరిగినప్పుడే రావాల. ఇదిగో, వేలు దిగిపోతోంది. పక్కంతా ఊడొస్తోంది. పాలిష్ మాత్రం ఫస్ట్ క్లాస్!"

"నవ్వకు భయ్యా. కొత్త సోలు వెయ్యి."

"సాయంత్రం రా."

"ఇక్కడే కూర్చుంటాను."

ఆవిడ మొహం చూసి జితేంద్ర చేతిలో పని పక్కన పెట్టేశాడు. ఆఖరి కుట్టు దారం తెంపేదాకా ఆవిడ కళ్ళు ఆర్పలేదు.

ఆవిడ తిరిగొచ్చేసరికి గేటు దగ్గర టూరిస్టులు మూడో టీ తాగుతున్నారు. దేవప్రసాద్ బూట్లు వేసుకుని, పొద్దున్న పడిన మొదటి అడుగులో కాలు పెట్టాడు. పట్టలేదు. కొత్త పళ్ళు పాత గుర్తు అంచుని తొక్కి మట్టిలోకి దిగాయి. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది, అంతే.

వాళ్ళు మలుపు తిరిగిపోయారు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడిపోయింది. ఎంతసేపో. తిరిగొచ్చే అడుగుల చోట మట్టి ఖాళీగానే ఉంది.

అప్పుడు గేటు దగ్గర మెత్తగా చప్పుడయింది. ఇంటి వైపు తిరిగిన అడుగొకటి పడింది. నిండా పళ్ళు. కాసేపటికి ఇంకొకటి. ఒకటి లోతుగా, ఒకటి పైపైన, కుంటుకుంటూ మెట్టు దాకా వచ్చి ఆగాయి.

సంతోషకుమారి కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి, కాలికి రాయాలని కొబ్బరినూనెలో కర్పూరం వేసి పొయ్యి మీద పెట్టింది.