ఒల్లకపోవడం

"మా కోడలు కనలేదండీ," అని కృపావతమ్మ పొద్దున్నే వచ్చిన చుట్టానికి చెబుతోంది. టీ కప్పులు పెడుతూ జాయిస్ విన్నది. రెండేళ్లుగా జగ్గయ్యపేటలోని ఆ ఇంటికి ఎవరొచ్చినా టీతో పాటు ఆ మాటా అందుతూనే ఉంది.

నిజానికి జాయిస్ కన్నది. ఏడో నెలలో, చనిపోయిన పాపని. గర్భసంచి చిరిగింది, మళ్లీ కడుపొస్తే తల్లి దక్కదని జాయిస్ భర్త స్టీవెన్‌తోనే డాక్టరు చెప్పింది. పాపని జాయిస్‌కి చూపించకుండానే సమాధి చేసి వచ్చారు. "చూస్తే తట్టుకోలేవు," అన్నాడు స్టీవెన్. ఉద్యోగమూ ఇల్లూ రెండూ చెయ్యలేవు, ఒక్కదానివీ ఊరెళ్లలేవు, కనలేవు. ఆ ఇంట్లో ఆమె గురించి ఏం మాట్లాడినా 'లేవు'తోనే ముగిసేది. చీకటితో లేచి వండటం, గిన్నెలు తోమటం, అత్తగారి మోకాళ్లకు మందు రాయటం, వీటికి మాత్రం ఆ మాట ఎవరూ తగిలించలేదు.

ఆ రోజు తను తెలుగు చెప్పే నందిగామ స్కూల్లో జాయిస్ పద్యం వివరిస్తుంటే యశస్విని అనే పిల్ల లేచింది. "పద్యంలో ఒల్లదు అంటే చేతకాదనా టీచర్?"

"కాదమ్మా. తినలేను అంటే కడుపులో చోటు లేదని. తిననొల్లను అంటే చోటున్నా, ఆకలున్నా, నాకిష్టం లేదని. లేకపోవడం వేరు, ఒల్లకపోవడం వేరు."

చెప్పాక సుద్దముక్కతో ఆ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసింది.

సాయంత్రం స్టీవెన్ సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే అన్నాడు. "రేపు హైదరాబాదు వెళ్తున్నాం. కొత్త డాక్టరు. మీ ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి నీకు సెలవు చెప్పేసా."

"నన్నడగలేదే."

"అడిగేదేముంది? నా పెళ్లాం కనలేదని ఊరంతా అంటుంటే నాకెంత నామోషీ!"

జాయిస్ పొయ్యి ఆపింది. "కనలేక కాదండీ. నేను కననొల్లను."

"అదేం మాటమ్మా?" అంది కృపావతమ్మ.

"బడి పాఠంలే అమ్మా," అన్నాడు స్టీవెన్. "చేతకాదని గొప్పగా చెప్తోంది."

"కాదండీ. చేతనైనా చెయ్యనని."

స్టీవెన్ చెయ్యెత్తాడు. ఏమనుకున్నాడో దించేసి, "అయితే ఈ ఇంట్లో నీకేం పని?" అని తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు. జాయిస్ ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి, రేపు స్కూలుకొస్తున్నానని చెప్పింది. తర్వాత ఏమవుతుందో ఆమెకి తెలియదు. పుట్టింట్లో తమ్ముడి కాపురానికే చోటు చాలదు.

కృపావతమ్మ గుమ్మం దగ్గర కూలబడింది. తిడుతుందనుకుంది జాయిస్.

"ఆ 'ఒల్లను' అనే మాట ఈమధ్య వచ్చిందా అమ్మా?"

"లేదత్తయ్యా. చాలా పాతది. మీ అమ్మమ్మకంటే పాతది."

ముసలామె చీర కుచ్చెళ్లు సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది.

"నాలుగో కాన్పప్పుడు చావు దాకా వెళ్లొచ్చా. మీ మావయ్య కాళ్లు పట్టుకున్నా, ఇక నా వల్ల కాదని. అవుతుందిలే అన్నాడు." కొంగుతో మొహం తుడుచుకుని తలుపు వైపు చూసింది. "స్టీవెన్ ఆ తర్వాత పుట్టినోడమ్మా."