కొత్త చీరకు పాత చీర

సూరత్‌లోని పర్వత్ పాటియాలో పద్మారాణి ఇల్లెక్కడని అడిగితే గల్లీలో ఆడుకునే పిల్లలు కూడా చూపిస్తారు. చీరల అత్త ఇల్లా అని ముందు నవ్వుతారు, ఆ తర్వాత చూపిస్తారు. నవ్వరూ మరి. ఒక గది, ఒక వంటిల్లు, ముందు సన్నటి గ్యాలరీ ఉన్న ఆ ఇంట్లో మనుషులు ఇద్దరే, పద్మారాణీ, ఆవిడ భర్త రాజలింగమూ. మిగిలిన చోటంతా చీరలది. మంచం కింద చీరలు, అటక మీద చీరలు, బీరువాలో చీరలు, బీరువా మీద చీరలు. గోడవారగా మూటలు మూటలుగా చీరలు. రాజలింగం మరమగ్గాల కార్ఖానా నుంచి రాగానే కంచం పట్టుకుని గ్యాలరీలో కూర్చునేవాడు. గాలి బాగా తగులుతుందని పైకి చెప్పేవాడు గానీ, లోపల మఠం వేసుకుని కూర్చునేంత చోటు లేదన్న సంగతి ఆ అంతస్తులో అందరికీ తెలుసు.

అలాగని పద్మారాణికి చీరల మీద పిచ్చి అనుకుంటే పొరపాటే. ఆవిడ కట్టుకునేవి నాలుగో ఐదో. దాచినవన్నీ పంచడానికే. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్లు ఊరికి వస్తున్నారంటే చీరలు వస్తున్నాయని చుట్టాలంతా ఎదురుచూస్తారు. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే ఆ మాట జీవితాంతం మోయాలి. పద్మారాణి ఇంట్లో కూర్చుని మార్కెట్ చీరలకు లేసు కుట్టేది. కాస్త నేత తప్పిన చీరో, రంగు తేడా వచ్చిన చీరో కనపడితే చాలు, సేఠ్‌ను బతిమాలి ఇంటికి తెచ్చుకునేది. తెచ్చిన ప్రతి చీరకూ ఆవిడ మనసులో ఒక మనిషి ఉండేది. ఈ నీలంది మొండయ్య బావ కోడలికి, ఈ గులాబీది కోరుట్ల చిన్నమ్మ బిడ్డ పెళ్లికి, ఈ పసుపుపచ్చది ఎప్పుడో ఒకసారి బస్సులో సీటిచ్చిన తోటికోడలి చెల్లెలికి. ఇంత ప్రేమ ఒక గదిలో పట్టాలంటే ఎలా పడుతుంది చెప్పండి.

ఈ ప్రేమ వల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, పద్మారాణి ఒక్కగానొక్క కూతురు నీరజ కాన్పుకు తల్లిగారింటికి రానంది.

నీరజను సూరత్‌లోనే భేస్తాన్ వైపు ఉండే సంపత్‌కు ఇచ్చారు. అద్దె ఇళ్లు. ఏడాది తిరగకుండానే ఇంటివాడు ఖాళీ చేయమంటే సామాను నెత్తికెత్తుకుని మెట్లు దిగి, ఇంకో ఇంటి మెట్లు ఎక్కాలి. రెండుసార్లు మారేసరికి నీరజకు జ్ఞానోదయమైంది. ఇంట్లోకి ఒక వస్తువు వస్తే ఒక వస్తువు బయటికి పోవాలని రూలు పెట్టుకుంది. కొత్త గిన్నె కొంటే పాత గిన్నె ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. వండుకునేందుకు ఎన్ని కావాలో అన్నే, కట్టుకునేందుకు ఎన్ని కావాలో అన్నే. ఆ ఇంటికి వెళ్లొచ్చినప్పుడల్లా పద్మారాణి మొహం అదోలా పెట్టేది. ఇల్లు బోసిగా ఉందనీ, గోడలు చూస్తుంటే దిగులేస్తుందనీ, తన కూతురు సన్యాసం పుచ్చుకుందనీ పక్కింటి సంధ్యతో చెప్పుకుని నవ్వేది.

ఆ కూతురే ఎనిమిదో నెలలో ఫోన్ చేసి, తల్లి గుండెల్లో రాయి వేసింది.

"అమ్మా, నేను ఈడనే ఉంటనే. అక్కడ కాలు వెట్ట జాగ లేదు. ఇగ తొట్టెల ఏడ కడ్తవు?"

మొదటి కాన్పు తల్లిగారింట్లో కాకుండా అత్తగారింట్లో జరగడమా. పద్మారాణికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత రెండూ కలిసొచ్చాయి. ఇది వియ్యపురాలు నూరిపోసిన మాటే అంది. కాసేపాగి, పాపం ఆవిడ అలాంటిది కాదని తనే సర్దుకుంది. నలుగురిలో తలెత్తుకుని ఎలా తిరగాలంది. అయినా నలుగురి సంగతి పైపైన అన్నదే గానీ, లోపల నలిగిపోయింది వేరే సంగతికి. బాలింత కూతురికి వేడినీళ్లు కాచి పోయాలని, కారప్పొడి కలిపిన మొదటి ముద్ద తన చేత్తో పెట్టాలని, పసిగుడ్డును కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించాలని కూతురు నెల తప్పిన నాటి నుంచి ఆవిడ కలలు కంటోంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయిన రాజలింగం ఇంటి ముచ్చట్లలో సామాన్యంగా కలగజేసుకోడు. ఆ రోజు మాత్రం కంచం కడుక్కుంటూ ఒక మాటన్నాడు.

"పిల్ల అన్నదాంట్ల తప్పేమున్నదే. చోటు లేదన్నది. లేదు గద."

పద్మారాణి మూడు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే కొంగు నడుముకు చుట్టి ఇల్లు ఖాళీ చేయడానికి పూనుకుంది.

ఖాళీ చేయడం అంటే ఏముంది, పారేయడమే కదా అనుకుంటాం. ఒక్క మూట విప్పి చూస్తే తెలుస్తుంది. నీలం చీర పట్టుకుంటే మొండయ్య బావ కోడలు కళ్ల ముందు నిలబడింది, దాన్ని ఎలా తీసేస్తుంది. మళ్లీ మడిచి పెట్టింది. గులాబీ చీరా అంతే. కోరుట్ల చిన్నమ్మ బిడ్డ పెళ్లికని దాచింది, ఆ పెళ్లి అయి ఆ పిల్ల కొడుకు బడికి కూడా పోతున్నాడు, అయినా ఇస్తానని మనసులో అనుకున్నది ఇవ్వకుండా ఉంటుందా. అలా మధ్యాహ్నం దాకా విప్పినవన్నీ మళ్లీ కట్టింది. చివరికి ఎవరికీ ఇవ్వడానికి పనికిరానివి మాత్రమే మిగిలాయి, ట్రంకు పెట్టె అడుగున ఉన్న తన పాత నూలు చీరలు. పెళ్లయిన కొత్తలో కట్టినవి. అంచులు చిరిగి, రంగు వెలిసి, ఉతికి ఉతికి మెత్తగా అయినవి.

సరిగ్గా అప్పుడే కింద నుంచి పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ కేక వినపడింది. పద్మారాణి ఆవిడను పైకి పిలిచి, గుజరాతీలో గట్టిగా బేరమాడి, నూలు చీరల మూట మొత్తం ఇచ్చి ఒక పెద్ద స్టీలు బేసిన్ తీసుకుంది. పసిబిడ్డ స్నానానికి పనికొస్తుందని మురిసిపోయింది. సాయంత్రం రాజలింగం వచ్చి చూస్తే మూటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి మీద కొత్తగా ఒక బేసిన్ వెలసింది. ఆయన నవ్వాపుకోలేక గ్యాలరీలోకి వెళ్లి నిలబడ్డాడు.

ఆ బేసిన్‌ను చూడ్డానికే సంధ్య వచ్చింది. సంధ్య పక్కింటి పిల్ల, తనకు ఇద్దరు బిడ్డలు, వదినా వదినా అంటూ రోజుకోసారైనా వచ్చి పోతుంది. బేసిన్ బాగుందని మెచ్చుకుని, మాటల్లో మాటగా అడిగింది.

"అన్నీ సదురుతున్నవ్ గని వదినా, పుట్టెటోళ్లకు పాత నూలు చీరలు తీసి వెట్టినవా?"

పద్మారాణి ట్రంకు పెట్టె వైపు తిరిగి చూసింది.

పురిటి బిడ్డకు కొత్త బట్ట తగలనివ్వరు. అమ్మమ్మదో నానమ్మదో కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరను చింపి, అందులోనే పొత్తిళ్లు చుడతారు, దాన్నే మడతలు వేసి బొంత కుడతారు, అదే తొట్టెలగా కడతారు. పద్మారాణి కూడా అలాంటి బట్టలోనే పెరిగింది, నీరజను అలాంటి బట్టలోనే పెంచింది. ఆ సంగతి తెలియని మనిషా. తెలిసీ, ఇంట్లో ఉన్న ఒక్క నూలు మూటనూ చేతులారా ఇచ్చేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తింది. ఆ బేసిన్ల ఆవిడ ఎప్పుడో వెళ్లిపోయింది. అలాంటి నూలు గుడ్డలు కార్ఖానాల్లో మిషన్ల నూనె తుడవడానికి పోతాయని రాజలింగానికి తెలుసు. ఆ మాట చెప్పకుండా నోరు మూసుకుని మంచిపని చేశాడు.

పైకొచ్చి ఉన్న మూటలన్నీ విప్పింది. ఈసారి ఎవరి చీరో చూడలేదు, వేళ్లతో నలిపి బట్ట చూసింది. అన్నీ జారిపోయేవే, అన్నీ మెరిసేవే. ఒక్కదాంట్లో నూలు పోగు లేదు. పసిబిడ్డ ఒంటికి చెమట పట్టే బట్టలు, గుచ్చుకునే జరీలు. గది మధ్యలో ఆ రంగుల గుట్టలో కూలబడి పద్మారాణి వెక్కి వెక్కి ఏడ్చింది.

"లోకానికంతా కూడవెట్టిన గదయ్యా. నా బిడ్డ కడుపున పుట్టెటోళ్లకు ఒక్క పేలిక లేకపాయె."

రాజలింగం లేచి వెళ్లాడు. తన పాత నూలు లుంగీ, దండెం మీద ఉన్నది, అన్నిటికన్నా మెత్తటిది, తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. అది చూసి ఆవిడ ఇంకా ఎక్కువ ఏడ్చింది.

మర్నాడు పద్మారాణి చేసిన పని గురించి పర్వత్ పాటియాలో మన తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చీరల మూట ఒకటి చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తీసిన ప్రతి ఆడమనిషి చేతిలో ఒక కొత్త చీర పెట్టి, మీ ఇంట్లో పాత నూలు చీర ఉంటే ఒకటి ఇయ్యమని అడిగింది. కొత్తదిచ్చి పాతది అడిగే మనిషిని సూరత్‌లో ఎవరు చూసి ఉంటారు. కొందరు ఆవిడకు ఏదో అయిందని భయపడ్డారు. చాలా ఇళ్లలో నూలు చీరే లేదు, వాళ్లంతా ఎప్పుడో జారే చీరల్లోకి మారిపోయారు. లేనివాళ్లకు కూడా చీర ఇచ్చే వచ్చింది. అడగడానికి మొదట్లో నోరు రాలేదు పాపం, ఇన్నేళ్లూ ఇవ్వడమే గానీ ఒకరిని అడిగి ఎరగదు. మూడు నాలుగు గడపలు దాటేసరికి సిగ్గు పోయింది. ఎవరో ముసలమ్మ తన పెట్టెలోంచి చిన్న మూట తీసి, మా మనుమలు నలుగురు వీటిలోనే పెరిగారు, అందరూ రాళ్లలా ఉన్నారు అని ఇచ్చింది. దాన్ని పద్మారాణి కళ్లకద్దుకుంది.

అలా తిరుగుతుండగా ఆవిడకు తట్టిన సంగతి ఒకటుంది. చీర చేతిలో పెట్టగానే ఎదుటి మనిషి ముఖం వెలుగుతోంది. ఆ వెలుగు చూడ్డానికే కదా ఇన్నేళ్లూ దాచింది. దాచినన్నాళ్లూ చూడనే లేదు. ఇంటికొచ్చి ఇంకో మూట విప్పింది. ఆ వారంలో ఊరికి బయల్దేరిన వాళ్లందరి చేతా మొండయ్య బావ కోడలికీ, కోరుట్ల వాళ్లకీ ఎవరివి వాళ్లకు పంపేసింది. బస్సులో సీటిచ్చిన ఆవిడకు కూడా పోయింది. లేసు పనికి మార్కెట్‌కు వెళ్లినప్పుడు, నేత తప్పిన చీరలున్నాయని సేఠ్ తనే పిలిచి చూపిస్తే, మనసు లాగుతున్నా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి వద్దని వచ్చేసింది. ఆ రోజు ఇంటికొచ్చి రాజలింగంతో ఆ సంగతి చెప్పినప్పుడు, ఏదో పెద్ద పరీక్ష పాసైనట్టు చెప్పింది.

ఇక గది సంగతి. గోడలు బయటపడ్డాయి, వాటి రంగు ఏమిటో ఇద్దరూ మరిచిపోయారు. కిటికీ ఒకటి దొరికింది. పాత నూలు చీరలు వేడినీళ్లలో ఉడికించి గ్యాలరీలో ఆరేస్తే, రాజలింగం లోపల గదిలోనే మఠం వేసుకుని కూర్చుని అన్నం తిన్నాడు.

చెప్పకుండా ఒక ఆదివారం నీరజ వచ్చింది. సంపత్‌తో కలిసి డుమస్ సముద్రం వైపు వెళ్లి వస్తూ, ఒకసారి చూసి పోదామని ఆగింది. గడపలో నిలబడి నాలుగు గోడలూ కలియజూసింది. పద్మారాణి గొంతు నిండా గర్వంతో చూపించుకుంటూ పోయింది. ఇదిగో తొట్టెలకు కొక్కెం, ఇదిగో నీ మంచం, ఇక్కడ బిడ్డ బట్టలు, చూడ్డానికొచ్చే వాళ్లు ఇక్కడ కూర్చుంటారు, మీ నాన్న గ్యాలరీలో పడుకుంటాడు, మా అల్లుడొస్తే ఆయనకు ఇక్కడ చాప.

నీరజ అన్నీ విన్నది.

"మరి నువ్వేడ పండుకుంటవే?"

పద్మారాణి తడుముకుంది. ఆ లెక్క ఆవిడ వేయనే లేదు. "నాకేంది బిడ్డా, వంటింట్ల గడప కాడ జర నడుం వాలుస్త."

నీరజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చిన్నప్పటి సంది గదే చూస్తున్ననమ్మా. మంచం నాకిచ్చి నువ్వు మూటల సందుల మోకాళ్లు కడుపుల వెట్టుకొని పండేదానివి. పొద్దుగాల గోడ వట్టుకొని లేసేదానివి. తొట్టెలకు జాగ లేదని కాదు, నేనొస్తే ఆ సందు గూడ నాకే ఇస్తవని రానన్న."

పద్మారాణి చేయి తెలియకుండానే నడుము మీదికి పోయింది. ఇన్నాళ్లూ కూతురు తన ఇంటిని అసహ్యించుకుంటోందని కుమిలిపోయింది గానీ, అది తన నడుము గురించి దిగులు పడుతోందని కలలో కూడా అనుకోలేదు. నీరజ ఆ బరువుతో వంగలేకపోతూనే చాప తీసి గది మధ్యలో పరిచింది, సంపత్ సాయం వస్తానంటే వద్దంది. తల్లి చేయి పట్టుకుని పడుకోమంది. పట్టపగలు అల్లుడి ముందు పడుకోవడమేమిటని పద్మారాణి గునిసింది. సంపత్ నవ్వి, మామను తీసుకుని చాయ్ తాగడానికి కిందికి దిగాడు.

పద్మారాణి చాప మీద వాలి కాళ్లు చాపింది. ఇంకా చాపింది. పాదాలకు ఏదీ తగల్లేదు. నీరజ పక్కన కూర్చుని తల్లి నడుము మీద చేయి వేసి మెల్లగా ఒత్తుతుంటే, వద్దే బిడ్డా, వట్టి మనిషివి కావు అంటూనే ఆవిడ నిద్రలోకి జారిపోయింది.

మామా అల్లుళ్లు కింద చాయ్ తాగి పైకొచ్చేసరికి తల్లీకూతుళ్లిద్దరూ నిద్రపోతున్నారు. సంపత్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, నీరజ బట్టలు తేవడానికి ఒక్కడే భేస్తాన్ వెళ్లాడు.