పదిహేడో నంబరు మనిషి

ధారవాడలోని ఆ మానసిక వైద్యశాలలో పీజీ విద్యార్థులకు ఒక ఆనవాయితీ ఉంది. థీసిస్ కోసం పేరు రాసుకున్న రోగుల్లో మళ్ళీ రానివాళ్ళ కాగితాలు పక్కన పడేస్తారు. మిగిలినవాళ్ళతో లెక్క కడితే ఫలితం నిగనిగలాడుతుంది.

"రానివాళ్ళ గోల మనకెందుకే? బాగైపోయుంటారు. మేమంతా ఇలాగే గట్టెక్కాం," అంది సీనియర్ రేణుక, థీసిస్ మొదలుపెట్టిన వైశాలితో.

వైశాలి అలాగే చేసింది. పని సగంలో ఉండగానే మైసూరు సదస్సుకు వెళ్ళి చప్పట్లు కొట్టించుకుంది. చివరికి, దిగులు జబ్బున్న అరవై మందిలో పదకొండు మందిని తీసేసి, నూటికి ఎనభై మంది కోలుకున్నారని రాసింది. కొత్తగా వచ్చిన ప్రొఫెసర్ మడివాళర్ మాత్రం సంతకం పెట్టలేదు.

"ఈ పదకొండు మంది ఏరమ్మా?"

"రాలేదు సర్."

"ఎందుకు రాలేదు?"

వైశాలి ఫైలు తిరగేసింది. కారణం ఎక్కడా రాసిలేదు.

"ఒక్కరి ఇంటికైనా వెళ్ళిరా. తర్వాత చూద్దాం."

ఆయన చాదస్తాన్ని తిట్టుకుంటూ వైశాలి ఎండలో బస్సు దిగి, తన జాబితాలో పదిహేడో నంబరు రోగి కళకప్ప ఇల్లు పట్టుకుంది. ఆస్పత్రి నుంచి వచ్చిందనగానే అతని భార్య నీలవ్వ కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది.

"ఆయన ఆస్పత్రికి రావడం మానేశాడేంటవ్వా?"

"మానలేదు తల్లీ. చెప్పిన రోజుకే వచ్చాడు. ప్రశ్నలడిగే డాక్టరమ్మ మైసూరు మీటింగుకి పోయింది, వచ్చేవారం రమ్మన్నారంట. 'నా గోడు ఆమెకే చెప్పుకోవాలి' అంటా ఇంటికొచ్చాడు. నాలుగోరోజు ప్రాణం తీసుకున్నాడు. తిను, రొట్టె ఆరిపోతంది."

చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేసింది. "ఆ డాక్టర్ని నేనే అవ్వా," అంది వైశాలి.

నీలవ్వ ఆమెను తిట్టలేదు, శపించలేదు. లోపలికి వెళ్ళి ఒక చీటీ తెచ్చింది. మళ్ళీ ఏ రోజు రావాలో వైశాలి స్వయంగా రాసిచ్చిన చీటీ అది.

"అయితే ఇది నీదే. తీసుకుపో. నేను చూడలేకున్నా."

నాలుగు మాటలు విన్నందుకే ఆ మనిషి తనను నమ్ముకున్నాడు. తను అతన్ని కాగితం మీంచి కూడా కొట్టేసింది. ఈ పాపం ఏ ప్రాయశ్చిత్తంతో పోతుంది?

మర్నాడు ఆ చీటీ ప్రొఫెసర్ బల్లమీద పెట్టి జరిగింది చెప్పింది. ఆయన ఆ చీటీ చదివి, కళ్ళజోడు తీసేశారు.

"నా థీసిస్‌లో తొమ్మిది మందిని తీసేశానమ్మా. వాళ్ళ పేర్లు కూడా గుర్తులేవు. తప్పని చెప్పినవాళ్ళు లేరు. పద, మిగతా పదిమంది ఇళ్ళకూ ఇద్దరం వెళ్దాం. మనసుకు వైద్యం చేసేవాళ్ళకు పరిశోధన నేర్పడమంటే పట్టికలు నింపించడం కాదు. రాని రోగి ఎందుకు రాలేదో తెలిసేదాకా ఫైలు మూయనివ్వకపోవడం."