నిమ్మకాయ తగలని కత్తి

మా జిల్లా పేరు చెప్పగానే బయటి ఊళ్ళవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. సినిమాల పుణ్యం. అలాంటి జిల్లాలో, మైదుకూరులో, రెండు వందలకు పైగా కత్తులు ఇంట్లో పెట్టుకున్న మనిషిని నేను. పేరు రామకోటయ్య. స్టీలు సామాన్ల అంగడి. ఉల్లిపాయ ముట్టాలన్నా పంచాంగం చూసే ఇంట్లో పుట్టాను. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. షుగరు పరీక్షకు వేలు పొడిపించుకోవాల్సిన రోజున అంగడిలో ఎవరినో ఒకరిని తోడు తీసుకుపోతాను. నా జన్మలో నేను కత్తి పట్టి కోసింది ఒక్కటే, షష్టిపూర్తి నాడు మా అమ్మాయి తెప్పించిన కేకు. ఆ కత్తి కూడా కేకుతో పాటు వచ్చిన ప్లాస్టిక్‌ది.

పాత ఇత్తడి, రాగి, ఇనుము తూకానికి తీసుకొని కొత్త గిన్నెలిచ్చే వ్యాపారం మాది. చాలా ఏళ్ళ కిందట గిడ్డమ్మ అనే ఒక ముసలామె అడుగు ఊడిన చెంబులు మూట కట్టుకొని వచ్చింది. ఆ మూటలో ఒక కత్తి ఉంది. జానెడు పొడవు, ఇత్తడి పిడి, పిడి కొసకు చిలుక తల. ఎన్ని ఇళ్ళు తిరిగిందో గానీ అరచేతిలో పెట్టుకుంటే నా కోసమే చేసినట్టు కూర్చుంది. చెంబులు గోడౌనుకు పోయాయి, కత్తి నా జేబులోకి వచ్చింది. ఆ తర్వాత నన్ను ఆపినవాళ్ళు లేరు. మచ్చుకత్తులు, బాకులు, గొర్రెల కాపర్ల వంకీ కత్తులు, అడకత్తెరలు, ఏది కనపడితే అది. కర్నూలు పాత బజారులో ఒక సాయిబు నాకు వంకర బాకు ఒకటి అమ్మి, దాన్ని ఒక నవాబు నడుముకు కట్టుకునేవాడని చెప్పాడు. ఏ నవాబు అని నేను అడగలేదు. అడిగితే ఎక్కడ తడబడతాడోనని నాకే భయం వేసింది.

వీటన్నిటికీ ఇంట్లో కింద గది ఇచ్చాను. బాత్‌రూము కలిసి ఉన్న మంచి గది. చుట్టూ అద్దాల బీరువాలు కట్టించాను. మేమేమో మేడ మీద పడుకుంటాం. నెలకోసారి ప్రతి కత్తికీ నూనె పూసి, మల్లుగుడ్డతో తుడిచి, మళ్ళీ పడుకోబెడతాను. ఒకసారి పళ్ళేలు కొనడానికి వచ్చిన కానిస్టేబుల్ ఒకాయన ఆ గది చూసి, శెట్టీ, నీకు ఎవరితో పగ అని మెల్లగా అడిగాడు. ఎవరితోనూ లేదన్నాను. ఆయన కొంచెం నిరాశపడినట్టు కనిపించాడు. నిజం చెప్పాలంటే నేనూ కొంచెం నిరాశపడ్డాను.

గదికి తాళం ఉంటుంది. దొంగల భయంతో వేసింది కాదు. మా ఆవిడ రాజ్యలక్ష్మమ్మ ఒకసారి ఊరగాయ పెట్టే హడావుడిలో చిలుక తల కత్తి తీసుకుపోయి నిమ్మకాయలు కోసింది. ఇనుముకు పులుపు తగిలితే నల్లబడుతుంది. నేను అన్నం మానేసి, ఎవరో పోయినట్టు కూర్చున్నాను. ఆమె కత్తి కడిగి నా ముందు పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రమే తాళం కొన్నాను. ఆ తర్వాత ఆమె నా కత్తుల జోలికి రాలేదు. మా అమ్మ నాటి కత్తిపీటనే నేల మీద వేసుకొని, దాని ముందు కూర్చొని, ఇంటికి కావలసిందంతా తరిగింది.

ఇప్పుడు ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. కడప డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, నేల మీద కూర్చోకూడదు, మెట్లు ఎక్కకూడదు అన్నాడు. ఆమె పొద్దున్నించి రాత్రిదాకా చేసేవి ఆ రెండు పనులే. నేను తల పంకించి, మందులు కొని, కారులో ఇంటికి తెచ్చి, మేడ మెట్ల దగ్గర చెయ్యి పట్టుకొని పైకి ఎక్కించాను. నా మటుకు నేను చాలా ప్రేమగల భర్తనని కూడా అనుకున్నాను. దసరాకు ఆమె నా బీరువాల ముందు వంగలేక ఒక్క కత్తిపీటకే కుంకుమ పెట్టింది. ఆయుధపూజ నాడు నా కత్తులకు అన్యాయం జరిగిందని బాధపడ్డవాణ్ణి కూడా నేనే.

మా అమ్మాయి శ్రీవిద్య కర్నూలులో బ్యాంకు ఉద్యోగి. అది నాలాగా నాన్చదు. ఫోను చేసి ఒక్కటే మాట చెప్పింది.

"నాయనా, కింద గదిలో అమ్మ మంచం పడాల. ఉగాదికి నేను వచ్చేపాటికి నీ కత్తులు తగ్గించు. లేదంటే అమ్మను నాతో తీసుకపోతా. ఈడ లిఫ్టు ఉండాది."

ఫోను స్పీకరులో ఉంది. రాజ్యలక్ష్మమ్మ పక్కనే చిక్కుడుకాయలు వొలుస్తోంది. నేను యాడికీ పోను అని ఆమె అంటుందని ఎదురుచూశాను. అనలేదు. కాయలు వొలుస్తూనే ఉంది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. అమ్మాయి బెదిరిస్తే తట్టుకోగలను గానీ, ఈమె ఊరుకుంటే ఎలా? ఇల్లంతా నా కత్తులతో నేనొక్కణ్ణే మిగలడం కళ్ళ ముందు కనపడింది.

మర్నాడు ఆదివారం అంగడి మూసి పనిలోకి దిగాను. నేల మీద రెండు దుప్పట్లు పరిచాను. ఒకటి ఉంచుకునేవాటికి, ఒకటి పంపించేవాటికి. ఒక్కొక్క కత్తినీ చేతిలోకి తీసుకున్నాను. ఇది నంద్యాల సంతలో కొన్నది, పోనివ్వలేను. ఇది బేరమాడకుండా కొన్నది, కాబట్టి అసలు పోనివ్వలేను. ఇది దేనికి పనికొస్తుందో తెలియదు, ఎప్పటికైనా తెలుసుకోవాలి. మధ్యాహ్నం భోజనం పిలుపు వచ్చేసరికి పంపించే దుప్పటిలో మూడు చేరాయి. రెండు తుప్పు పట్టి విరిగినవి. మూడోదాన్ని వెలుతురులో పెట్టి చూస్తే పిడి మారిన అట్లకాడ. ఇన్నేళ్ళూ దానికీ నూనె పూశాను.

అన్నం తింటూ, ఒకసారి అహోబిలం పోయి స్వామిని అడిగివస్తే ఏదో ఒక దారి దొరుకుతుందన్నాను. రాజ్యలక్ష్మమ్మ నా విస్తట్లో చారు పోసింది.

"ఆ స్వామి వట్టి గోర్లతో అంత పని కానిచ్చినాడు. ఆయప్పను పోయి కత్తుల సంగతి అడుగుతారా?"

నేను చారు తాగేశాను.

రెండు రోజులకు హనుమేష్ అనే కుర్రాడు కారులో వచ్చాడు. కుర్రాడంటే నలభై ఏళ్ళవాడు. ఆదోని వైపు మనిషి. కర్నూలు దాటాక పెద్ద రోడ్డు మీద హోటలు కడుతున్నాడట. శ్రీవిద్య బ్యాంకులోనే ఖాతా. అదే పంపిందని అర్థమైంది. నాకు ఒళ్ళు మండింది గానీ, కత్తులు చూస్తానన్న మనిషిని వాకిట్లోంచి పంపేంత గట్టివాణ్ణి కాను. నిజానికి నా గది చూస్తానని ఎవరైనా అడిగి ఎన్ని ఏళ్ళయిందో.

తాళం తీసి చూపించడం మొదలుపెట్టాను. మా ఇళ్ళల్లో కత్తిని చేతినుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ జగడం వస్తుందంటారు. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, తీసుకునేవాళ్ళు ఎత్తుకోవాలి. నేను ఒక్కో కత్తీ నేల మీద పెట్టడం, హనుమేష్ వంగి ఎత్తుకోవడం. నవాబు బాకు దగ్గరికి వచ్చేసరికి పాపం నడుము పట్టుకున్నాడు.

అప్పుడు తన ఆలోచన చెప్పాడు. హైదరాబాదు, బెంగళూరు కార్లన్నీ అతని హోటలు ముందునుంచే పోతాయి. సీమకు వచ్చినవాళ్ళు కత్తి చూడాలనుకుంటారు. అందుకని గోడ నిండా కత్తులు తగిలించి, కింద బల్లలు వేసి, రాగిముద్దా నాటుకోడీ పెడతాడట. దుడ్లు నువ్వెంత చెప్తే అంత అన్నా అని కూడా అన్నాడు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మా మీద ఊరూరా ఉన్న చెడ్డపేరు చాలదా, దాన్ని గోడకు కూడా తగిలించాలా అని దులిపేశాను. ఇవి ఒక మనిషి జీవితకాలం కష్టమన్నాను. కళ అన్నాను, చరిత్ర అన్నాను. అట్లకాడ గురించి మాత్రం చెప్పలేదు. హనుమేష్ ఓపికగా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, వచ్చినవాడికి ఏమైనా పెట్టాలన్న సంగతి గుర్తొచ్చి, కర్బూజా పండు కొయ్యమని వంటింట్లోకి కేకేశాను.

మేము నిలబడిన చోటునుంచి వంటిల్లు సూటిగా కనపడుతుంది. నేను ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాను. హనుమేష్ చూపు నా భుజం మీదుగా అటు పోయింది. నేనూ తిరిగి చూశాను.

రాజ్యలక్ష్మమ్మ గోడకు వీపు ఆనించి, కొంచెం కొంచెంగా కిందికి జారి కూర్చుంది. కత్తిపీట ముందుకు లాక్కొని పండు కోసింది. ముక్కలు పళ్ళెంలో సర్ది, పళ్ళేన్ని పైన గట్టు మీదికి చేర్చింది. ఆ తర్వాత కత్తిపీటను కాలితో దూరంగా నెట్టింది. అంతటితో ఆగలేదు. చెయ్యి చాపి, దాని పదునైన అలుగు గోడవైపు తిరిగేలా తిప్పింది. అప్పుడు గ్యాసు సిలిండరు పట్టుకొని లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చుంది.

అలుగును ఎందుకు తిప్పిందో అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. లేవబోయి పడితే దాని మీద పడకుండా. ఆ పని చేసేటప్పుడు ఆమె మొహంలో ఏమీ లేదు. స్టవ్వు కట్టేసినట్టు, కుళాయి మూసినట్టు చేసింది. అంటే రోజూ చేస్తున్నదే. రోజుకు ఎన్నిసార్లు కూర కోస్తుందో అన్నిసార్లు.

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. హనుమేష్ చేతిలోని కత్తిని కింద పెట్టి, పరుగున పోయి ఆమెకు చెయ్యి అందించి లేపాడు. పళ్ళెం కూడా అతనే పట్టుకొచ్చాడు. పళ్ళేన్ని నా ముందు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"అన్నా, తప్పనుకోవద్దు. ఇన్ని కత్తులు పెట్టుకోని అక్కను నేల మీద కుచ్చోబెట్నావే."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. పగవాళ్ళెవరూ లేరని కానిస్టేబులుతో చెప్పాను గానీ, ఇంట్లో అంతకంటే పెద్ద ఘనకార్యమే చేస్తున్నానని తెలిసింది. కర్బూజా ముక్క నోట్లో పెట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హనుమేష్ మర్యాదస్తుడు, బీరువాల వైపు తిరిగి నిలబడ్డాడు.

గది తాళంచెవి అతని ముందు నేల మీద పెట్టాను. అది కత్తి కాదని, చేతికే ఇవ్వవచ్చని తర్వాత తోచింది. బీరువాలతో సహా తీసుకుపొమ్మన్నాను. ఒక్క షరతు పెట్టాను. గోడ మీద పగలూ ప్రతీకారాలూ అని ఏమీ రాయకూడదు. రాసి తీరాలంటే, ఇవి మైదుకూరు శెట్టిగారి కత్తులు, ఇంతవరకు బెండకాయను కూడా కోసి ఎరగవు అని రాయాలి. అతను నవ్వి, అదే రాయిస్తానన్నాడు.

లారీ వచ్చిన రోజు నేను అంగడికి పోలేదు. గది ఊడ్చాను. మంచం దించాం. వంటింటి గట్టు ముందు ఒక ఎత్తు స్టూలు వేయించాను. ఒక్క కత్తి మాత్రం హనుమేష్‌కు ఇవ్వలేదు. చిలుక తలది.

అది నా చేతికొచ్చాక దానికి సాన పట్టింది లేదు. పెరట్లో సానరాయి మీద నీళ్ళు చల్లి నేనే నూరాను. పదును వచ్చిందో లేదో చూద్దామని బొటనవేలు ఆనించాను. వచ్చింది. ఇన్నేళ్ళ నా సేకరణకు, ఆనాటి నిమ్మకాయల తర్వాత తెగింది నా వేలే. కళ్ళు తిరిగి బావిగట్టు మీద కాసేపు కూలబడి, పసుపు అద్దుకొని, కత్తి తీసుకొని వంటింట్లోకి పోయాను.

రాజ్యలక్ష్మమ్మ స్టూలు మీద కూర్చొని ఉంది. ముందర పులిహోరకు నిమ్మకాయల బుట్ట. నేను అలవాటు కొద్దీ వంగి కత్తిని ఆమె కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాను. ఆమె కత్తిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చేసిన పని నాకు అప్పుడు తెలిసింది. గబగబా ఎత్తి గట్టు మీద పెట్టబోయాను. ఆమె అప్పటికే చెయ్యి చాపి ఉంది.

"చేతికిస్తే జగడం వస్తాదంటారే," అన్నాను.

"ఒగే ఇంట్లో ఉంటేనే కదా జగడం వచ్చేది. రానీండి."

కత్తిని ఆమె చేతిలో పెట్టాను. చిలుక తల ఆమె అరచేతిలో కూడా ఆమె కోసమే చేసినట్టు కూర్చుంది. నిమ్మకాయ అడ్డంగా కోసింది. రసం అలుగు వెంబడి కారింది. తుడవలేదు. కత్తిని అలాగే గట్టు మీద పెట్టి, నేనేమంటానోనని చూసింది. నా చూపంతా నల్లబడబోయే ఆ ఇనుము మీదే ఉందని ఒప్పుకోవాలి. భుజం మీది తువ్వాలు దానంతటదే నా చేతిలోకి వచ్చింది. దాన్ని తిరిగి భుజం మీద వేసుకున్నాను.

బుట్టలోంచి ఇంకో నిమ్మకాయ తీసి ఇచ్చాను.